ఇనుములో ముందు లేచేదెవరు

నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా కూర్చుంటే బడివాళ్ళు నన్ను బెంచీల లెక్కలో కలిపేసుకుంటారేమోనని భయపడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా తొట్లలోనే సాగింది. కోయంబత్తూరులో, మా తెలుగువాళ్ళ పేట వెనక సందులో, లోహాలను తొట్లలో ముంచి పూత వేసే చిన్న ప్లేటింగ్ షాపు నాకొకటి ఉంది. పంపుసెట్టు భాగాలు, గ్రైండరు కడ్డీలు, మోపెడ్ హ్యాండిల్‌బార్లు నల్లమొహాలు వేసుకుని వస్తాయి. నికెల్, క్రోమియం పూయించుకుని పెళ్ళికొడుకుల్లా తిరిగి వెళ్తాయి. తుప్పు లేని లోకంలో మా ఇంట్లో పొయ్యి వెలగదు.

కరెంటు పెట్టి ఒక లోహం నుంచి ఎలక్ట్రాన్లను లాగడం, ఇంకోదానికి ఇవ్వడం నా రోజువారీ పని. అవి అంతకుముందు ఎక్కడ కూర్చుని ఉన్నాయని నేనెప్పుడూ అడగలేదు. బస్సు కండక్టరు టికెట్టు కొట్టేటప్పుడు మీ తాతగారిది ఏ ఊరని అడుగుతాడా? అదీ అంతే.

అడిగింది నా కూతురు. అడిగినందుకు ఆమెకు జరిగింది చెబుతాను. నవ్విస్తూ చెప్పడం నాకు అలవాటు గనక మధ్యలో నవ్వు వస్తే నవ్వండి, కానీ నేను మాత్రం పళ్ళు కొరుక్కుంటూనే రాస్తున్నాను.

పిల్ల ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో ఉంది. పదో తరగతి అయ్యాక ఆమె ఏరికోరి తీసుకున్నది ఫస్ట్ గ్రూప్, అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. చిన్నప్పటి నుంచి షాపులో తొట్ల చుట్టూ తిరిగింది. నల్ల ఇనుము తెల్లగా ఎట్లా తేలుతుందో తెలియాలి, లోహాల చదువే చదవాలి అని ఆమె పట్టు. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ ఏ చదువు మీదా పట్టు లేదు. నాకైతే చదువు మీద పట్టు లేకపోవడమే కాదు, చదువుకు నా మీద కూడా లేదు. అందుకే ఆమె పుస్తకం తీస్తే మా ఇంట్లో టీవీ గొంతు దానంతటదే తగ్గేది.

ఒక సాయంత్రం పిల్ల అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో ముగ్గేసినట్టు గళ్ళు గీస్తోంది.

"ఏమి కన్ను, రసంలో కోలం పెడతాండావా?" అన్నాను.

"నాయనా, ఆటమ్‌లో ఎలక్ట్రాన్లు గదులు గదులుగా కూచుంటాయి. మొదటి గది నిండితే రెండోది, రెండోది నిండితే మూడోది. సరి. కానీ మూడో గదిలో ఇంకా పది చోట్లు ఖాళీగా ఉండంగానే, పొటాషియంలో కొత్తగా వచ్చింది పోయి నాలుగో గదిలో కూచుంటాది. కాల్షియంలో ఇంకోటి దాని పక్కన చేరతాది. ఆ రెండూ నిండినాకనే మళ్ళా మూడో గదిలోకి పోతాయి. ఏల?"

"మీ మిస్సు ఏమనె?"

"ఏల అని అడగొద్దు, ఎట్ల అని రాసుకో అనె. అందరూ నవ్విరి."

ఆ మాటకు నాకు చుర్రుమంది. నేను బడిలో ఉన్న రోజుల్లో నన్ను చూసి నవ్వేవాళ్ళు. అందులో అన్యాయమేమీ లేదు, నేనే నవ్వించేవాణ్ణి. కానీ ఒక పిల్ల నిజంగా తెలియక అడిగితే నవ్వడమేమిటి? నవ్వనిచ్చి బోర్డు వైపు తిరగడమేమిటి?

నా భార్య గరిటె పట్టుకుని, "మీరు దానికి ఏమీ చెప్పొద్దండి. మీరు చెప్తే దానికి వచ్చేది గూడా మరిచిపోతాది," అంది. వినే మనిషినైతే తొమ్మిదో తరగతి ఒక్కసారే చదివేవాణ్ణి.

ఇక్కడ నా ఇంకో ఉద్యోగం గురించి చెప్పాలి. దానికి జీతం లేదు. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో భోజనాల హాలు వాకిట్లో నిలబడి బంతి నిలిపేది నేనే. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు తరువాతి బంతికి ఆగాలి, తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడి వాడి నెత్తిన ఊపిరి వదిలే వాళ్ళను ఎట్లా తరమాలి, ఇవన్నీ నా చేతిలో ఉంటాయి. నోరుండాలి, మొహమాటం ఉండకూడదు. ఈ రెండు అర్హతలూ చూసి పెద్దలు నాకా పదవి ఇచ్చారు. కాబట్టి చోట్లు నిండడమనే మాట వినగానే, ఇది నా శాఖే అనిపించింది.

"ఇది మన పెళ్ళి మండపం కతే కన్ను," అన్నాను. "వంటశాల పక్కన లోపలి గది ఉండాది గదా. ఐదు టేబుళ్ళు, టేబులుకు రెండాకులు. కానీ పొయ్యి సెగ, గాలాడదు. బయట గేటు కాడ రెండే ఆకులు, నెత్తిన ఫ్యాను. మొదట వచ్చిన ఇద్దరు పెద్దోళ్ళను ఎక్కడ కూచోపెడతాను?"

"గేటు కాడ."

"లోపల పది చోట్లు ఉండంగానే గదా? అంతే. సెగ తక్కువుండే చోటు ముందు నిండుతాది. ఆ రెండూ అయినాకనే మిగతావాళ్ళు లోపలికి పోతారు."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "లోపల ఐదు టేబుళ్ళే నాయనా! సరిగ్గా ఐదే!"

"లోపలికి పోయినోళ్ళు జంటగా కూచుంటారా? కూచోరు. పక్కన చుట్టమొకడు కూచుంటే జీతమెంత, ఇల్లెప్పుడు కడతావు అని అడుగుతాడు. అందుకని తలా ఒక టేబులు పట్టుకుంటారు. ఐదు టేబుళ్ళకూ ఒక్కొక్కరు అయినాక, వేరే దారి లేకనే ఒకరి పక్కన ఒకరు చేరతారు."

"అయ్యో, ఇది కూడా అట్లనే! పుస్తకంలో ఇట్లనే ఉండాది!"

నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నేను కూర్చోలేదు, తేలాను. బడి నన్ను తోసేసిన చోటికి మండపం దారిన తిరిగి వచ్చినట్టుంది. క్రోమియంలో గేటు దగ్గరి ఇద్దరిలో ఒకడు లేచి లోపల ఖాళీగా ఉన్న ఐదో టేబులు పట్టుకుంటాడట. నేను రోజూ తొట్టిలో పూసే క్రోమియమే అది. "చూస్తివా, నాకు అన్నం పెట్టేది బంతిలో చోటు మార్చే రకం," అన్నాను. నా భార్య కూడా నవ్వింది.

అక్కడితో ఆపి చేతులు కడుక్కుని ఉంటే ఎంత బాగుండేది!

"మరి లేచేటప్పుడు?" అంది పిల్ల. "ఇనుములోంచి ఇద్దరు లేచి పోవాలంటే, ముందు లేచేదెవరు?"

మా బంతిలో ఒక కట్టుబాటు ఉంది. ముందు కూర్చున్న పెద్దాయన ఆఖరి మనిషి మజ్జిగన్నం ముగించేదాకా ఆకు మడవడు. ఆయన మడిస్తే ఆ బంతి అయిపోయినట్టే. మధ్యలో తప్పనిసరిగా లేవాల్సి వస్తే, చివర వచ్చి కూర్చున్న చిన్నవాడు ఆయనకు చెప్పి లేస్తాడు. ఈ సంగతి మా పేటలో పాలపళ్ళ పిల్లలకు కూడా తెలుసు.

"ఇందులో అడిగేదేముంది? ఆఖర కూచున్నోడే ముందు లేస్తాడు. పెద్దోళ్ళు కదలరు," అన్నాను.

పిల్ల తలూపింది. తలూపి దాచుకుంది.

పరీక్ష జరిగింది. ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. మొదటి పరీక్షలో కెమిస్ట్రీ తప్పినవాళ్ళను ఫస్ట్ గ్రూప్ నుంచి తీసి కామర్స్‌లో వేస్తారు. పన్నెండో తరగతిలో స్కూలు పేరు చెడకూడదట, అందుకని ముందే ఏరిపారేస్తారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. కానీ రాయి ఏదో బియ్యం ఏదో చూసే ఓపిక మాత్రం వాళ్ళకు లేదు.

నేను హ్యాండిల్‌బార్లు తొట్టిలో దించుతుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ పిల్లను సోమవారం నుంచి కామర్స్ గ్రూప్‌కు మారుస్తున్నాము. ఫస్ట్ గ్రూప్‌లో ఉండడానికి ఆమెకు తక్కువైనది రెండే మార్కులు.

ఇంటికి వెళ్తే పిల్ల ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే నేనేదో ఒక జోకు వేసి ఉండేవాణ్ణి. గోడకానుకుని కూర్చుని, "నాకు ఆ క్లాసు కావాల నాయనా," అంది. అంతే. కామర్స్‌లో కెమిస్ట్రీ ఉండదు. ఇప్పుడు ఆ క్లాసు వదిలితే లోహాల చదువు తలుపు మూసుకున్నట్టే. పదహారేళ్ళ పిల్లకు అది తెలుసు. ఆ మెసేజ్ పంపినవాళ్ళకు కూడా తెలుసు, అందుకే నాకు ఒళ్ళు మండింది.

మరునాడు పిల్లను మోపెడ్ వెనక ఎక్కించుకుని స్కూలుకు వెళ్ళాను. ప్రిన్సిపాల్ గది. ఆయన పెద్దమనిషి, అరవంలో మాట్లాడాడు, మర్యాదగానే. కెమిస్ట్రీ మిస్సును పిలిపించాడు. చిన్న వయసు, చేతిలో సుద్దముక్క ఉంది, కళ్ళు మాత్రం గోడ గడియారం మీదే. ఆమె పిల్ల పేపరు తీసి నా ముందు పెట్టింది.

ఎలక్ట్రాన్లు నిండే వరస అంతా రైటు. గది గీసి చూపినది రైటు. క్రోమియం రైటు. కింద ఇనుము ప్రశ్న: రెండు ఎలక్ట్రాన్లు పోయినప్పుడు అవి ఎక్కడివి? నా కూతురు రాసింది, మూడో గదివి అని. పక్కనే కారణం కూడా రాసింది, ఎవరూ అడక్కపోయినా. చివర వచ్చి కూర్చున్నవి గనక. దాని మీద ఎర్రగీత. రెండు మార్కులు.

"క్లాసంతా నాలుగో గదివి అని రాసినారు సార్," అంది మిస్సు అరవంలో. "మీ పిల్ల ఒక్కతే ఇట్లా రాసింది. ఏ గైడులో చూసిందో అడిగితే చెప్పడం లేదు."

పిల్ల వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది. నా పేరు బయట పెట్టకూడదని నోరు కుట్టేసుకుంది.

"ఆ గైడు నేనే," అన్నాను. మండపం, గేటు, ఐదు టేబుళ్ళ కతంతా చెప్పాను.

ప్రిన్సిపాల్ నవ్వాడు. చిన్న నవ్వే, దాచుకోబోయి దాచుకోలేని నవ్వు. పిల్ల మెడ ఇంకా వంగింది. తప్పు నేను చెప్పాను, సరే, కాదనడం లేదు. నా నోట్లోంచి వచ్చిన కట్టుబాటు నా పిల్ల నెత్తిన పడింది. కానీ ఆ నవ్వుకు నా చెవులు వేడెక్కాయి.

"సరి మేడమ్. ముందు వచ్చి కూచున్నోళ్ళు ముందు ఏల లేస్తారు? అది మాత్రం చెప్పండి, పోతాం," అన్నాను. కోపంలో అరవం పోయి తెలుగు వచ్చేసింది.

ఆమె ఉలిక్కిపడి చూసింది. గడియారం చూసింది. తర్వాత మా తెలుగులోనే, కాకపోతే బోడినాయకనూరు వైపు సాగదీతతో, మొదలుపెట్టింది.

"ముందు ఎవరు వచ్చిరి అనేది లెక్క లేదు సార్. మీ మండపమే పెట్టుకోండి. లోపలి గది నిండేకొద్దీ నడిమధ్య ఉండే న్యూక్లియస్ లాగుడు పెరుగుతాది. లోపలోళ్ళను గట్టిగా పట్టుకుంటాది. గేటు కాడ ఉండేటోళ్ళు దూరం. నడుమ లోపలోళ్ళు అడ్డం గూడా. వాళ్ళ కాడికి ఆ లాగుడు అంతగా పోదు. ఇప్పుడు మీరు ఇద్దరిని లాగాలంటే ఎవరు సుళువు? గేటు కాడోళ్ళే. వాళ్ళు ముందు వచ్చినోళ్ళయితే ఏమి? పెద్దరికం మండపంలో సార్, ఆటమ్‌లో లేదు."

పిల్ల తలెత్తింది. "అయితే కూచునేటప్పటి సుళువు వేరే, నిండినాక సుళువు వేరే!" అంది.

"అదే," అంది మిస్సు. ఆ ఒక్క మాట అనేటప్పుడు ఆమె గడియారం వైపు చూడలేదు.

నాకు అర్థమైంది. తొమ్మిదో తరగతిని రెండుసార్లు ఓడించిన నా బుర్రకు అర్థమైంది! సంతోషించాల్సిన చోట నాకు అసలు కోపం అక్కడ మొదలైంది. తెలియని మనిషి చెప్పకపోతే అదొక లెక్క. ఈమెకు తెలుసు. బాగా తెలుసు. నా మండపాన్నే తీసుకుని, నేను కూల్చిన చోట నిలబెట్టి చూపింది.

"ఒక టీ చల్లారేలోపల చెప్పేస్తిరే మేడమ్!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "ఈ మాట ఆ దినం క్లాసులో ఏల చెప్పలే? మీరు చెప్పి ఉంటే పిల్ల నా కాడికి ఏల వచ్చేది? నేను నా మండపం ఏల విప్పేది?"

"క్లాసులో ఎంతమంది ఉండారో చూస్తిరా సార్? ఒక ఏలకు జవాబు చెప్తే ఇంకా పది ఏలలు లేస్తాయి. పోర్షన్ ఎవరు ముగించేది? పోర్షన్ ముగియలే అని ఇదే కుర్చీలో వచ్చి కూచునేది ఎవరు? మీరే."

"పోర్షన్ కోసం మేము వస్తామా?"

"మార్కు కావాలని వస్తారు. ఏల కావాలని ఇంతవరకు ఒక్కరూ రాలే."

అది నిజమే కావచ్చు. కానీ కోపానికి నిజంతో పనేమిటి? నేను లేచాను. "క్లాసంతా నాలుగో గది అని రాసిరి గదా, వాళ్ళలో ఎంతమందికి ఏలనో తెలుసు? తెలీకనే రైటు రాసినోళ్ళు ఇక్కడే ఉండాలి, కారణం వెతికి తప్పు రాసింది బయటికి పోవాల! మీ స్కూలు కంటే నా తొట్టి మేలు. అందులో దించిన ఇనుమన్నా పైకొచ్చేటప్పుడు కాస్త మెరుస్తాది!"

ప్రిన్సిపాల్ కూడా లేచాడు. ఆయన మర్యాద గుమ్మం దగ్గర అయిపోయింది. పిల్ల నా చొక్కా పట్టుకుని బయటికి లాగింది. నేను తలుపు గట్టిగానే వేశాను. అద్దం పగల్లేదు, ఆ తలుపుకు అద్దం లేదు గనక.

 దారంతా నేను తిడుతూనే ఉన్నాను, సిగ్నళ్ళను, బస్సులను, అడ్డం వచ్చిన మేకను. ఆ నవ్వు, ఆ ఎర్రగీత, ఆ గడియారం ఇప్పటికీ తలుచుకుంటే నాకు అన్నం సహించదు. తెలిసినవాళ్ళ దగ్గర తెలిసినది అట్లా మూతపెట్టి ఉండడమేమిటి? చదువుకోని నేను తెలియనిది కూడా తెలిసినట్టు ఊళ్ళో అందరికీ పంచుతున్నాను. చదువుకున్నవాళ్ళు తెలిసినదాన్ని పోర్షన్ కింద పాతిపెడుతున్నారు. ఇద్దరి మధ్యా పిల్లలు నలుగుతున్నారు. నా మీద నాకు కోపం లేదని కాదు. అది వేరే గదిలో ఉంది, అదీ నిండే ఉంది.

శుక్రవారం ఇంకో మెసేజ్ వచ్చింది. మార్చినవాళ్ళకందరికీ ఆ పాఠంలో మళ్ళీ పరీక్ష పెడతారట. పిల్ల రాసింది, నెగ్గింది, తన క్లాసులోనే ఉంది. ఇనుములో ముందు లేచేదెవరో ఇప్పుడు నిద్రలో లేపినా చెబుతుంది, కారణంతో సహా.

నేను ఊరుకుంటానా? టీకొట్టు దగ్గర, షాపులో, ఇంకో పెళ్ళి మండపం వాకిట్లో ఒకటే కత. నేనొక్కసారి గొంతెత్తాను, స్కూలు పద్ధతే మారింది. ప్రతిసారీ ఆ తలుపు కొంచెం పెద్దదయ్యేది, చప్పుడు కొంచెం పెరిగేది. నా భార్య వింటూ ఉల్లిపాయలు తరిగేది, కళ్ళు తుడుచుకునేది. ఏడుపో నవ్వో నేను అడగలేదు.

కొన్ని వారాల తర్వాత ఆండిపట్టి బేరగాడికి ఒక పార్సిల్ వేయడానికి సింగానల్లూరు బస్టాండుకు వెళ్ళాను. తేనీ బస్సు దగ్గర సంచి పట్టుకుని ఆ మిస్సు నిలబడి ఉంది, సెలవులకు ఊరు పోతోంది. తప్పుకుని పోవచ్చు. కానీ నా నోరు నాకంటే ముందు నడుస్తుంది.

"చూస్తిరా మేడమ్," అన్నాను. "ఆ దినం నేను గొంతెత్తకపోయి ఉంటే మా పిల్ల ఈపాటికి కామర్స్‌లో జమాఖర్చులు రాస్తా ఉండేది."

ఆమె సంచి భుజం మార్చుకుని బస్సు మెట్టు ఎక్కింది. ఎక్కి వెనక్కు తిరిగింది.

"మళ్ళా పరీక్ష పెట్టేది ముందే అనుకొని ఉంటిమి సార్. మీరు తలుపేసి పోయినాక ప్రిన్సిపాల్ మీ పిల్ల పేరు ఆ లిస్టులోంచే కొట్టేసిరి. మరుదినం బెల్లు కొట్టకముందే మీ పిల్ల నా కాడికి వచ్చె. మార్కు అడగలే, మన్నింపు అడగలే. ఇనుములో అట్లయితే రాగిలో ముందు లేచేదెవరు అని అడిగె. నేను పోయి ప్రిన్సిపాల్ కాడ పోట్లాడింది ఆ మాట కోసం. ఇంకో తూరి మీకు కోపం వస్తే, పిల్లను లోపలికి పంపించి మీరు బండి కాడ నిలుచుకోండి."